ఏడో బిళ్ల

ఏడేళ్లుగా నా గుండెల మీద ఒక ఇత్తడి బిళ్ల ఉంది. అరచేతిలో ఇమిడేది. కొత్త తూకాల్లో చెప్పాలంటే పావుకిలో కూడా తూగదు. పాత తూకాల్లో ఎంతో నాకు తెలియదు. మోస్తున్నవాడికి తూకం తెలుస్తుందా?

ఎవరితోనూ అనలేదు. మా ఆవిడకి సగం తెలుసు, ఎందుకంటే ఆ సగం ఆవిడే చేసింది. మిగతా సగం నేను చేశాను. ఆవిడ చేసిన సగంలో తప్పు లేదు. ఈ చిన్న వాక్యం రాయడానికే నాకు ఏడేళ్లు పట్టిందంటే మిగతావి ఎలా రాస్తానో చూడండి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు దాచుకుని ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడమయ్యా అని మీరడగొచ్చు. నేనూ అదే అడుక్కుంటున్నాను. ధైర్యం ఇంతవరకే వచ్చింది. వచ్చినంతవరకు రాస్తాను.

మన భాషలో ఏడు చిత్రమైన మాట. అంకె అనుకుంటే అంకె. సంవత్సరం అనుకుంటే సంవత్సరం. ఎవరినైనా కసిరి చెబితే, ఏడవమని. నా సంగతిలో ఈ మూడూ ఉన్నాయి.

జంషెడ్‌పూర్‌లో పెద్ద కార్ఖానా నీడలో బతికే చిన్న కార్ఖానాలు చాలా ఉన్నాయి. మాది వాటిలో ఒకటి. రైలుపెట్టెలకి కావలసిన గొళ్లేలు, హుక్కులు, దీపాల తొడుగులు చేసి, మెరుగు పెట్టి పంపుతాం. వెనకవైపు పరీక్షగది అని ఒకటుంది. అందులో నేను సహాయకుణ్ణి. నాకు ఇంగ్లీషు వచ్చు. అల్మారా తాళాలు నా దగ్గర ఉంటాయి. జ్ఞాపకశక్తి మంచిది. ఈ మూడూ కాస్త గుర్తుంచుకోండి. ఈ మూడూ లేకపోతే నేను నిజాయితీపరుణ్ణే.

మా బడా సాబ్ బెంగాలీ ఆయన. పైదేశంలో చదువుకుని వచ్చారు. అక్కడి తన గురువులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతూ, ఒకరోజు మమ్మల్నందరినీ పిలిచి, మన కార్ఖానా ఆరు దేశాల పరిశోధనలో చేరిందని చెప్పారు. లోహం ఎంత గట్టిది, ఎంత బరువు ఆపుతుంది అన్నది కాదట పరిశోధన. చూస్తే ఎలా కనిపిస్తుంది? మెరుపంటే ఏమిటి? ఒక దేశపు కన్ను మెరుపన్నదాన్ని ఇంకో దేశపు కన్ను కూడా మెరుపంటుందా? ఈ ఊళ్లో లోహం గురించి ఎవరూ అలా అడగ్గా నేను వినలేదు. వంగుతుందా, విరుగుతుందా అనే ఇక్కడ అడుగుతారు. ఆరు దేశాల పెద్దమనుషులు కలిసి ఇత్తడిముక్కకి పెళ్లిచూపులు జరిపిస్తారని ఎవరనుకుంటారు?

పెళ్లికూతుళ్లు ఒక చెక్కపెట్టెలో వచ్చాయి. లోపల నీలం మఖమల్ పరుపు, పన్నెండు గుంటలు, పన్నెండు బిళ్లలు. కొన్ని ఉక్కువి, కొన్ని రాగివి, కొన్ని ఇత్తడివి. ఒకటో నంబరులో మీసం దువ్వుకోవచ్చు. పన్నెండో నంబరు పొయ్యిలో బూడిద రంగు. మధ్యవి ఒకదానికంటే ఒకటి కాస్త కాస్తగా మెరుపు తగ్గుతూ ఉంటాయి. ఆ పెట్టె మూడు దేశాలు తిరిగి, కలకత్తాలో ఓడ దిగి, టాటానగర్‌లో రైలు దిగి మా దగ్గరికి వచ్చింది. పెట్టెతోపాటు ఒక దొర కూడా దిగాడు. మా గుమ్మాలన్నిటికీ నమస్కారం చేస్తూ లోపలికి రావలసినంత పొడుగు. మావాళ్లు ఆయనకి పొడుగు సాబ్ అని పేరు పెట్టేశారు.

ఆయన ఒక గదికి లోపలంతా నల్లరంగు వేయించాడు. తన దేశం నుంచి కోటులో చుట్టుకుని తెచ్చిన బల్బు ఒకటి అందులో వెలిగించాడు. మాలో ఆరుగురిని పరిశీలకులుగా తీసుకున్నాడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. నూలు చేతితొడుగులు వేసుకుని, కలగాపులగంగా ఉన్న బిళ్లల్ని వెనక్కి తిప్పకుండా మెరుపు వరసలో పేర్చాలి. ఒక్కొక్కటీ ఎలా కనిపిస్తోందో మాతృభాషలో చెప్పాలి. ఇలా మూడుసార్లు: శుక్రవారం, సోమవారం, బుధవారం. మూడుసార్లూ ఒకే మాట చెప్పేవాడు నమ్మదగిన పరిశీలకుడు. మాట మార్చేవాడు కాదు. అందరికంటే నమ్మదగినవాడు పొడుగు సాబ్ దేశానికి వెళ్లి ఆరునెలలు శిక్షణ పొంది, తిరిగొచ్చి ఇక్కడివాళ్లకి నేర్పాలి.

ఆరుగురిలో తెలుగువాళ్లం ఇద్దరం. నేను, దైవదానం. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి మా ఇద్దరికీ దుబాసీని నేనే. నా మాటలు నేనే అనువదించుకున్నాను. ఆ పని నిజాయితీగానే చేశాను.

దైవదానం నాకంటే పదేళ్లు పెద్ద. విజయనగరం అవతల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నేను దానం అన్నా అనేవాణ్ణి, నన్ను తమ్ముడా అనేవాడు. మెరుగు పెట్టే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, ఆఖరి బల్ల ఆయనది. ప్రతి హుక్కూ ఆయన చేతిలోంచి పోవలసిందే. కిటికీ వైపు ఒక్కసారి తిప్పి, "ఇది నవ్వుతన్నాది" అంటే పెట్టెలోకి, "ఇది ఏడుత్తన్నాది" అంటే వెనక్కి. ఎందుకు ఏడుస్తోందో మాకెవరికీ కనిపించేది కాదు. అయినా ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు, ఎందుకంటే ఆయన ఏడుస్తోందన్న సరుకు పొరపాటున బయటికి వెళితే నెల తిరక్కుండా పూత లేచి వెనక్కి వచ్చేది. బడి చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు రాదు. ఆ ఖాతాలో ఆయనకి ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఒక మర్యాద ఉన్నాయంటే ఆ రెండు కళ్ల వల్లే.

పైదేశం వెళ్లేది ఆయనేనని అందరికీ ముందే తెలుసు. పెట్టె ఇంకా ఓడలో ఉండగానే వాళ్లావిడ, మా మరియమ్మ వదిన, ఎర్ర ఉన్నితో స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది. "అక్కడ మంచు పడుద్దంట గదా తమ్ముడా, ఈ మనిసి జొరం తెచ్చుకుంటే ఎవులు సూత్తారు?" అని నన్ను అడిగింది.  నా మనసులో ఇంకో ప్రశ్న ఉంది. ఆయనే ఎందుకు వెళ్లాలి?

ఇదిగో, ఇక్కడ మొదలైంది. నేను చదువుకున్నాను, ఆయన చదువుకోలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు, ఆయనకి రాదు. అక్కడికి వెళ్లి ఏం నేర్చుకుంటాడు? ఈ ప్రశ్నలన్నీ చాలా సబబుగా కనిపించాయి. అసూయ నా దగ్గరికి ఎప్పుడు వచ్చినా చొక్కా ఇస్త్రీ చేసుకుని, తర్కం లాగానే వస్తుంది.

శుక్రవారం పరీక్ష సరదాగా గడిచింది. నేను నా బిళ్లల్ని తళతళ, మిలమిల, ధగధగ, నిగనిగ అని వర్ణించాను. పొడుగు సాబ్ ఆనందం పట్టలేకపోయాడు. "మీ భాషలో ప్రతిదీ రెండుసార్లు ఎందుకు అంటారు?" అన్నాడు. "ఒకసారి చెబితే మావాళ్లు వినరు సార్" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. గంభీరంగా రాసుకున్నాడు.

కానీ ఆరో నంబరుకీ ఏడో నంబరుకీ తేడా నాకు తెలియలేదు. రెండూ ఇత్తడివే, రెండూ మందు పట్టించి మాపినవే. అవి ఆరూ ఏడూ అని కూడా నాకు పరీక్ష అయ్యాక వెనకవైపు నంబర్లు చూస్తేనే తెలిసింది. ఆ వరసలో పెట్టడం అదృష్టం. ఆ అదృష్టం సోమవారం దాకా నిలుస్తుందా?

దానం అన్న మాత్రం రెంటినీ చూడగానే విడదీశాడు. ఏడోదాన్ని బల్బు కింద ఒకసారి వాల్చి, "ఇది తెల్లారి లేసిన మొగం. ఇంకా నీల్లు ముట్టుకోలేదు" అన్నాడు. నేను అనువదించాను, మాటకి మాట. పొడుగు సాబ్ కలం ఆపి, ఇది కన్ను కాదు, పరికరం అన్నాడు. ఆ మాట కూడా నేనే అనువదించి దానం అన్నకి చెప్పాలి. చెప్పాను. కొంచెం తగ్గించి చెప్పాను. "బాగుందన్నాడు" అన్నాను.

శనివారం సాయంత్రం పని ముగిసిన భోంపూ మోగాక అల్మారా తాళం తీసి, ఆరోదాన్నీ ఏడోదాన్నీ రుమాల్లో చుట్టి, ఖాళీ టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని భుయ్యాడీహ్‌లోని మా ఇంటికి తెచ్చేశాను. దొంగతనం కాదు. అభ్యాసం. ఆదివారమంతా కిటికీ దగ్గర కూర్చుని తేడా నేర్చుకుందామని. చూడటం నేర్చుకోవడం తప్పా? పరీక్ష కాగితం ముందుగా ఇంటికి తెచ్చుకున్నవాడు కూడా చదువుకోవడానికే తెచ్చుకుంటాడు.

ఆదివారం పొద్దున్న గంటసేపు చూశాను. తేడా తెలిసినట్టే అనిపించి, అంతలోనే పోయేది. బయట కుళాయిలో నీళ్లు వదిలారు. రెండు బిళ్లల్నీ వంటింటి గట్టు మీద పెట్టి బిందె తీసుకుని పరుగెత్తాను. వరసలో నా ముందు పదిమంది. నా వంతు వచ్చి, బిందె నింపుకుని వచ్చేసరికి మా ఆవిడ గిన్నెలు తోమే చోట కూర్చుని ఉంది. పక్కన చింతపండు. పక్కన బూడిద. చేతిలో ఏడో నంబరు.

"ఏటి చేస్తున్నావు?" అన్నాను. 

"కనబడ్డం లేదేటి? తోమతన్నాను. ఎంత మురికి పట్టీసిందో. మీ కార్ఖానాలో అంతమంది మగోలున్నారు, ఒక్కడికీ ఇంత చింతపండు దొరకలేదేటి?" అంది. చెంబుతో నీళ్లు పోసి, బిళ్లని ఎత్తి చూపించింది. "సూడండి, ఎలగ మెరుత్తన్నాదో! ఆ రెండోది కూడా ఇలగియ్యండి, ఒక్క రుద్దు రుద్దీసిస్తాను."

గట్టు మీది ఆరో నంబరుని ప్రాణం లాక్కున్నట్టు లాక్కున్నాను.

నిజం చెప్పాలంటే ఏడో నంబరు అంత అందంగా ఏ దేశంలోనూ ఉండి ఉండదు. ఆ మాపు వేయడానికి అక్కడి శాస్త్రజ్ఞులు ఎన్నాళ్లు కష్టపడ్డారో. మా ఆవిడ ఒక నిమ్మకాయంత చింతపండుతో వదిలించేసింది. వేళ్లతో ముట్టుకోవద్దని పెట్టెలో మూడు భాషల్లో అచ్చు వేశారు. ఆ మూడింటిలో తెలుగు లేదు. ఇత్తడి మాసి కనిపిస్తే తోమకుండా వదిలేసే ఆడమనిషి మావైపు ఇంకా పుట్టలేదు. ఆవిణ్ణి ఏమనను?

మధ్యాహ్నం సైకిలెక్కి జుగ్సలాయి వెళ్లాను. అక్కడ పాత్రల బజారులో ఒక ముసలి కంచరి ఉన్నాడు. కొత్త దీపపు సెమ్మెల్ని పాతవాటిలా చేసి ఇస్తాడని విన్నాను. బిళ్ల చూపించి, దీని మెరుపు పోవాలన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "బాబూ, లోగ్ చమ్‌కానే ఆతే హై. ఆప్ బుఝానే ఆయే?" అన్నాడు. అందరూ మెరిపించుకోవడానికి వస్తారు, నువ్వు ఆర్పించుకోవడానికి వచ్చావా అని. ఆ మాట ఆయన ఇత్తడి గురించే అన్నాడు.

గంధకం వాసన కొట్టే నీళ్లలో ముంచి, పొగలో పట్టి, గుడ్డతో అద్ది ఇచ్చాడు. ఆరోదాని పక్కన పెట్టి చూశాను. అచ్చం మునుపటిలాగే ఉంది. నా కంటికి. నా కంటికి అది మునుపు కూడా ఆరోదానిలాగే ఉండేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు వెళ్లి రెండు బిళ్లల్నీ మఖమల్ గుంటల్లో పెట్టేశాను. పరీక్ష మొదలైంది. నా వంతులో నేను బిళ్లల్ని చూడలేదు. ఒక్కోదాని అంచు మీద ఉన్న చిన్న చిన్న గీతల్ని గుర్తు పట్టి శుక్రవారం చెప్పినవే అప్పజెప్పాను. మిగతా నలుగురూ ఏడోదాన్ని ఏడో చోటే పెట్టారు. నా గుండె కుదుటపడింది. ఆఖరివాడు దానం అన్న.

చేతితొడుగులు వేసుకున్నాడు. ఆరింటిని చకచకా పేర్చాడు. ఏడోదాన్ని తీశాడు. ఆగాడు. బల్బు కింద వాల్చాడు, ఇటు వాల్చాడు, అటు వాల్చాడు. తరవాత దాన్ని వరసలో పెట్టకుండా బల్ల చివర విడిగా పెట్టి నావైపు తిరిగాడు.

"ఇది ఆ బిల్లే తమ్ముడా. గాని ఎవులో తోమీసినారు. తోమి, మల్లా మసి పూసినారు."

పొడుగు సాబ్ నన్ను చూశాడు. "ఏమంటున్నాడు?"

ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఒకరికి నిజం కనిపించింది. ఒకరికి ఆ భాష రాదు. రెండూ ఉన్నవాణ్ణి నేను.

"సరిగ్గా చెప్పలేకపోతున్నాడు సార్. మొన్న ఏం చెప్పాడో గుర్తు లేదట" అన్నాను.

అది తయారుకావడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆరూ ఏడుల తేడా గంట చూసినా అంతుపట్టనివాణ్ణి, అబద్ధానికి మాత్రం చూడనవసరం లేకపోయింది. భయపడ్డానా? భయపడ్డాను. అల్మారా తాళాలు, ఉద్యోగం, అన్నీ కళ్లముందు తిరిగాయి. కానీ భయం ఒక్కటే అయితే 'తెలియదంటున్నాడు' అని ఊరుకునేవాణ్ణి. గుర్తు లేదట అని ఎందుకు కలిపాను? ఆ రెండో ముక్క ఎవరు అడిగారు? ఏడేళ్లుగా దానికోసమే వెతుకుతున్నాను. వెతికిన ప్రతిసారీ అక్కడ ఎర్ర ఉన్ని కనిపిస్తోంది.

గది బయట దానం అన్న నా భుజం పట్టుకున్నాడు.

"సెప్పావా తమ్ముడా?"

"చెప్పానన్నా."

"ఏటన్నాడు?"

"చూస్తామన్నాడు."

"సూడమను. ఎవులో ఆడమనిసి సెయ్యి పడ్డాది దానిమీద. చింతపండు పని అది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన నవ్వు చూసి నేనూ నవ్వాను. నవ్వడం కూడా ఒక పాపమని ఎక్కడా రాసి ఉండదు. రాయాలి.

బుధవారం కూడా ఆయన అదే మాట అన్నాడు. నేను కూడా అదే మాట అన్నాను. ఆ విధంగా ఇద్దరం మాట మీద నిలబడ్డాం.

ఫలితాలు వచ్చాయి. మూడుసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరస చెప్పినవాడు, కాబట్టి అందరికంటే నమ్మదగిన పరిశీలకుడు, నేను. శుక్రవారం ఒకటి, ఆ తరవాత ఇంకొకటి చెప్పినవాడు, కాబట్టి నమ్మదగనివాడు, దైవదానం. ఒకసారి తల పైకెత్తి చూడండి ఈ విచిత్రం. వస్తువు మారింది. మారిందని చూసినవాడి కన్ను మంచిది కాదన్నారు. అసలు చూడనివాణ్ణి పైదేశం పంపారు.

బడా సాబ్ దయగల మనిషి. దానం అన్నని కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. పెద్దమనిషి పంపిన రోగికి రోగం లేదనడానికి డాక్టరుకి మొహమాటం అనుకుంటాను. ఒక కళ్లజోడు రాసిచ్చాడు. అందులో ఏమీ లేదు. నేను పెట్టుకుని చూశాను కదా. కిటికీ అద్దంలోంచి చూసినట్టుంది. కళ్లజోడు పెట్టుకున్న మనిషిని ఆఖరి బల్ల దగ్గర ఉంచకూడదని ఆయన్ని సరుకు పెట్టెలకి మేకులు కొట్టే ఖాతాకి మార్చారు. ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. మర్యాద కుర్చీతోనే వెళ్లింది.

నేను బయలుదేరే రోజు దానం అన్న టాటానగర్ స్టేషనుకి వచ్చాడు. ముక్కు మీద కొత్త కళ్లజోడు. చేతిలో కాగితం పొట్లం. "మీ వదిన అల్లీసింది గదా, ఏటి సేత్తాం? నువ్వైనా ఏసుకో తమ్ముడా. ఆ మంచులో నువ్వు మాత్రం మనిసివి కాదేటి?" అన్నాడు. ఆయన భుజాలు నావాటికంటే వెడల్పు. ఆరునెలలు ఆ స్వెట్టరులో నేను గంటలో నాలుకలా ఊగాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మా విద్య అని అక్కడి గురువులు రోజూ చెప్పేవారు. ఉన్నిలో కూర్చుని నేను రాసుకునేవాణ్ణి.

తిరిగొచ్చిన కొన్నాళ్లకి ఆరు దేశాల నివేదిక అచ్చయి వచ్చింది. మా పేజీలు ముందు తిప్పాను. తెలుగువాళ్లు మాటని రెండుసార్లు ఎందుకు అంటారో నా కారణంతో సహా వేశారు. తరవాత ఒక చోట: ఏడో బిళ్ల మా దేశం దాటాక తరవాతి దేశంవాళ్లు యంత్రంతో కొలిచి చూస్తే దాని పైపూత మారిపోయి ఉందట. ఓడలో ఉప్పుగాలి తగిలి ఉంటుందట. అందుచేత ఏడోదాన్ని అందరి లెక్కల్లోంచీ తీసేశారు. సముద్రం ఎదురు చెప్పదు కదా. ఇంకెక్కడో చివరి పేజీలో, చీమకాళ్లంత అక్షరాలతో: మా చోట ఒక పరిశీలకుడు ఏడో బిళ్ల విషయంలో పొంతన లేని జవాబులు ఇచ్చాడు కాబట్టి ఆయన జవాబులు లెక్కలోకి తీసుకోలేదు.

ఈ రెండు వాక్యాలకీ మధ్య ఎన్నో పేజీలు. ఆరు దేశాల్లో ఏ ఒక్కరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. నేను చూశాను. ఆ తేడా మాత్రం నాకు ఒక్క చూపులో తెలిసింది. నివేదికని అల్మారాలో పెట్టి తాళం వేశాను.

ఇప్పుడు నేను ఆ నల్లగదిలోనే కుర్రకారుకి పాఠాలు చెబుతున్నాను. లోహం ఎలా కనిపిస్తుంది, ఎలా చూడాలి, ఎలా చెప్పాలి. మాట మార్చేవాడు నమ్మదగిన పరిశీలకుడు కాడు అని మొదటి రోజే చెబుతాను. గొంతు వణకదు. అలవాటైపోయింది.

మూడు నెలల కిందట దానం అన్న ఏదో కాగితం మీద సంతకం కోసం నా దగ్గరికి వచ్చాడు. నా బల్ల మీద కొత్త నమూనా హుక్కు ఒకటి ఉంది. చటుక్కున ఇటూ అటూ చూశాడు. కళ్లజోడు తీశాడు. హుక్కుని కిటికీవైపు తిప్పాడు.

"ఇది ఏడుత్తన్నాది తమ్ముడా."

అని, ఏదో తప్పు చేసినవాడిలా కళ్లజోడు గబగబా పెట్టేసుకున్నాడు. "ఏటోలే. నా కన్ను బాగోలేదు గదా, అలగ్గనిపించింది. నువ్వు సూడు. సదువుకున్నోడివి."

చూశాను. నాకేమీ కనిపించలేదు. పనికొస్తుందని సంతకం పెట్టాను. నెల తిరక్కుండా ఆ సరుకంతా పూత లేచి వెనక్కి వచ్చింది. నల్లగదిలో ఆ హుక్కుల్ని ముందేసుకుని కూర్చున్నాను. ఒక మనిషి కుర్చీ పోగొట్టాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. కుర్చీ ఎంత? ఆయన తన కళ్లతో తాను చూసినదాన్ని తానే నమ్మకుండా చేశాను. మేకు కొట్టిన ప్రతిసారీ ఆగి మళ్లీ చూస్తాడు, తను చూసింది నిజమో కాదో అని.

నేరుగా చెప్పొచ్చు కదా? రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మొదటిసారి మరియమ్మ వదిన టీ ఇచ్చి, స్వెట్టరు చన్నీళ్లలోనే ఉతుకుతున్నారా అని అడిగింది. రెండోసారి టీ కూడా తాగలేకపోయాను. రెండేసి సార్లు పలికే భాషలో పుట్టానని దొరకి గొప్పలు చెప్పినవాణ్ణి, ఒక్కసారి చెప్పడానికి నోరు రాలేదు.

ఇంగ్లీషు రాకపోయినా దానం అన్న తెలుగు బాగా చదువుతాడు. బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం కూడా పూర్తిగా చదివి గానీ పారేయడు. ఇది ఎక్కడైనా అచ్చయితే ఎప్పుడో ఒకరోజు ఆయన చేతిలో పడుతుంది. పేరు మార్చి రాశాను, కానీ ఏడో నంబరు, చింతపండు అనేసరికి ఆయనకి తెలిసిపోతుంది. తెలిశాక ఏమంటాడో, అసలు అంటాడో అనడో నాకు తెలియదు. క్షమించమని రాయడం లేదు. అది అడిగే హక్కు కూడా అనువాదంలో ఎక్కడో పోయింది.

దుబాసీగా నాకు ఒక పని బాకీ ఉంది. అదే ఇప్పుడు చేస్తున్నాను. ఆ సోమవారం ఆయన అన్నది ఇదీ: ఇది మొన్నటి బిళ్లే. ఎవరో తోమేశారు. తోమి, మళ్లీ మసి పూశారు. ప్రతి మాటా నిజం. తోమింది చింతపండు. పూసింది నేను. మొదట బిళ్లకి, తరవాత ఆయన కంటికి.

ఏడేళ్ల తరవాత నేను మాట మార్చాను. నా పాఠం ప్రకారం నేను నమ్మదగిన పరిశీలకుణ్ణి కాను. రాయగానే ఎందుకో ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకోగలిగాను. బరువు పోలేదు. గుండెల మీది నుంచి కాగితం మీదికి జరిగింది, అంతే. కాగితం మాత్రం చిరగలేదు.

దానం అన్నా, ఇది నీ చేతికి వస్తే, చదివే ముందు ఆ కళ్లజోడు తీసెయ్.